ఊళ్ళో స్వచ్ఛంద సంస్థ: ముందు రిజిస్ట్రేషనా, ముందు పనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వరంగల్ వైపు 420 గడపల ఊరు మీది. ఎనిమిది మంది మిత్రులు కలిశారు. ఐదుగురు ఊళ్ళోనే ఉంటారు, ఇద్దరివి హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఒకరు అమెరికాలో. స్వచ్ఛంద సంస్థ రిజిస్టర్ చేయించి ముందు తాగునీటి ప్లాంటు పెట్టాలని, తర్వాత బడికి ఏదైనా చేయాలని మీ ఆలోచన. సర్పంచ్ మీకు పడని వర్గం మనిషి. రిజిస్ట్రేషన్ ఎలా, నిధులు ఎక్కడ, సర్పంచ్ అడ్డుపడితే ఎలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. రిజిస్ట్రేషన్ ఇప్పుడు వద్దు. ఒక ఏడాది ఊరి కమిటీగా పని చేయండి. బయటి నుంచి ఒక్క రూపాయి తెచ్చే ముందు ఊళ్ళో ప్రతి గడప నుంచి వాటా వసూలు చేయండి. ఆ లెక్క నెలనెలా అందరి ముందు చదవండి. సర్పంచ్‌ను తప్పించుకుని కాదు, పంచాయతీ తీర్మానంతోనే మొదలుపెట్టండి. సంస్థ సంగతి ఆ తర్వాత.

నేను 2004 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఒక సంస్థలో ఊరూరా తిరిగే ఆర్గనైజర్‌గా, తర్వాత గ్రామ కమిటీలకు శిక్షణ ఇచ్చే మనిషిగా. నలభైకి పైగా ఊళ్ళలో నీటి కమిటీలతో కూర్చున్నాను. వాటిలో ఇవాళ్టికీ నడుస్తున్నవి ఉన్నాయి, షట్టర్‌కు తుప్పు పట్టిన తాళాలు వేలాడుతున్నవీ ఉన్నాయి. రెంటికీ తేడా మిషన్ కంపెనీలో లేదు, దాత ఇచ్చిన మొత్తంలోనూ లేదు.

ముందు తాళం పడ్డ ఊరి సంగతి. ఆ ఊరి నుంచి వెళ్ళి బాగా సంపాదించిన ఒక పెద్దాయన తల్లి పేరు మీద ప్లాంటు మొత్తం తనే కట్టించారు. మనసు మంచిది, పైసలు కూడా ధారాళంగా పెట్టారు. షెడ్డు, మిషన్లు, పాలరాతి శిలాఫలకం, అన్నీ మూడు నెలల్లో అయ్యాయి. ఊరివాళ్ళు ప్రారంభోత్సవానికి వచ్చారు, భోజనం చేశారు, క్యాన్లు నింపుకున్నారు. ఏడాదిన్నరకు మెంబ్రేన్, అంటే నీళ్ళలోని లవణాలను వడగట్టే పొర, పోయింది. మార్పించే డబ్బు కోసం ఊరంతా మళ్ళీ ఆ పెద్దాయన వైపే చూసింది. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. "వాళ్ళ ప్లాంటు గదా, వాళ్ళే చేయించుకుంటరు" అన్నాడొక వార్డు మెంబరు నాతో. వాళ్ళ ప్లాంటు అన్న ఆ మాట నేను మర్చిపోలేదు. అందులో ఊరివాళ్ళ తప్పు లేదు. మీది అని చెప్పే అవకాశం వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

రెండో ఊళ్ళో మేము గడపకు ఏడు వందల రూపాయల వాటా అన్నాం. వసూలుకు ఏడు నెలలు పట్టింది. మిర్చి అమ్మిన వాళ్ళు ఒక్కసారే ఇచ్చారు, కూలి చేసుకునేవాళ్ళు నెలకు వంద చొప్పున ఇచ్చారు. పింఛను డబ్బు వచ్చిన రోజున ఒక ముసలమ్మ తనే వెతుక్కుంటూ వచ్చి వంద ఇచ్చి, రసీదు కొంగున ముడి వేసుకుని పోయేది. ఆ ఏడు నెలలూ మాకు పై ఆఫీసు నుంచి ఒత్తిడి, "ఇంకా ఎందుకు మొదలుకాలేదు" అని. ఇవాళ ఆలోచిస్తే అసలు పని జరిగింది ఆ ఏడు నెలల్లోనే. అక్కడ మోటరు కాలిపోయిన రోజు సాయంత్రానికే కమిటీ కూర్చుంది. ఆ ముసలమ్మ కూడా వచ్చింది. "పైసలు మాయి అయినప్పుడు లెక్క కూడా మాకే చెప్పాలె గదా అక్కా" అని అడిగింది. అలా అడిగే మనుషులు ఊళ్ళో పది మంది తయారైతే ప్లాంటు ఆగదు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మీకు దగ్గరలోనే, గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. ఒకప్పుడు మచ్చాపూర్‌కు శివారు పల్లె, 1994లో సొంత పంచాయతీ అయ్యింది. ఫ్లోరైడ్ నీళ్ళతో అవస్థ పడిన ఊరు. వరంగల్ కేంద్రంగా 1991 నుంచి పనిచేస్తున్న బాల వికాస సంస్థ తోడ్పాటు వాళ్ళకు దొరికింది, కానీ ఊరు కూడా తన వాటా తను వేసుకుంది. నీళ్ళకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, చదువుకు ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒకటి. పనులన్నీ ఒక్క నాయకుడి నెత్తిన పడకుండా ఇంటింటి మనుషుల మధ్య పంచారు. మీరు ఎనిమిది మందీ ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి రండి. శిలాఫలకాలు కాదు, కమిటీ మనుషులను కలవండి. రసీదు బుక్కు ఎలా రాస్తున్నారో, కట్టని వాళ్ళను ఎలా అడుగుతున్నారో చూడండి.

ఇక మీ ప్లాంటు. మీకు నచ్చకపోయినా ఒక మాట అడగాలి: మీ ఊరికి ఆర్‌వో ప్లాంటు (మెంబ్రేన్ గుండా నీళ్ళు పంపి లవణాలు తీసేది) నిజంగా అవసరమా? నల్లా నీళ్ళు, మీరు ప్లాంటుకు వాడాలనుకునే బోరు నీళ్ళు, రెండూ వేర్వేరు సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, గత్యంతరం లేకపోతే 2000 దాకా. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు కృష్ణా, గోదావరి నదుల ఆధారంగా వస్తాయి. వాటిలో లవణాలు మామూలుగా తక్కువే. మీ నల్లా నీళ్ళు ఆ కొలతల్లో ఉండీ జనం తాగడం లేదంటే, కారణం క్లోరిన్ వాసనో, ట్యాంకు కడగకపోవడమో, పైపు లీకేజీనో అయ్యుంటుంది. అప్పుడు మీ పని ట్యాంకు కడిగించడం, లీకేజీలు మూయించడం. ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ఒక ఊళ్ళో కుర్రాళ్ళు నెలకు రెండుసార్లు ట్యాంకు కడిగించి, ఆ తేదీని ట్యాంకు గోడ మీద రంగుతో రాయించడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో క్యాన్లు కొనేవాళ్ళు సగానికి తగ్గారు.

ఫ్లోరైడ్ ఎక్కువుందని తేలితే మాత్రం ఆలస్యం చేయకండి. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఈ సంగతి ఇంకా చాలా ఇళ్ళలో తెలియదు. ప్లాంటు రాకముందే ఇంటింటికీ చెప్పాల్సింది ఇది.

అవసరం ఉందనే తేలిందనుకుందాం. కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. 250 ఇళ్ళు రోజుకు ఒక 20 లీటర్ల క్యాను 5 రూపాయలకు తీసుకుంటే రోజుకు 1,250, నెలకు 37,500. మా అనుభవంలో ఆ స్థాయి ప్లాంటుకు ఆపరేటర్ జీతం పది వేలు, కరెంటు నాలుగైదు వేలు, ఫిల్టర్లు మందులు మూడు వేలు అవుతాయి. మిగిలినదంతా లాభం కాదు. అందులో కనీసం పది వేలు ప్రతి నెలా మెంబ్రేన్లకు, మోటరుకు వేరే ఖాతాలో వేయాలి. అదే 100 ఇళ్ళే తీసుకుంటే నెలకు వచ్చేది 15,000. జీతం, కరెంటు పోగానే చేతిలో ఏమీ మిగలదు, మొదటి రిపేరుకే మూత. కాబట్టి మిషన్ ఆర్డరు ఇచ్చే ముందే ఎన్ని ఇళ్ళు నీళ్ళ కార్డు తీసుకుంటాయో పేర్లు రాసుకోండి. ఇంకొకటి, ఆర్‌వో తీసుకున్న నీళ్ళలో సగం దాకా వ్యర్థంగా బయటికి వదులుతుంది. అది ఎక్కడికి పోవాలో షెడ్డు గీసేటప్పుడే తేల్చుకోకపోతే పక్కింటి వాళ్ళతో మొదటి గొడవ దాని మీదే వస్తుంది.

ప్లాంటు ఎక్కడ పెడుతున్నారన్నది చాలా పెద్ద ప్రశ్న. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేము తప్పు చేసింది ఇక్కడే. ఒక ఊళ్ళో పెద్దమనుషులు ఊరి నడుమ, గుడి పక్కన ఖాళీ జాగా చూపించారు. రోడ్డు ఉంది, కరెంటు స్తంభం ఉంది, మేము సరే అన్నాం. మూడు నెలలైనా ఎస్సీ కాలనీ నుంచి పది ఇళ్ళకు మించి రాలేదు. దూరం అనుకున్నాం. ఒక సాయంత్రం కాలనీలో మహిళా సంఘం మీటింగులో కూర్చుంటే అసలు మాట బయటపడింది. క్యాను పట్టుకుని వరుసలో నిలబడితే "జరిగి నిలబడు" అంటున్నారట. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, రావడం మానేశారంతే. మేము మూడు నెలలు రిజిస్టర్‌లో అంకెలు చూసుకున్నాం కానీ ఎవరు రావడం లేదో చూడలేదు. తర్వాత కాలనీకీ ఊరికీ మధ్య బడి దగ్గర నీళ్ళు పట్టుకునే రెండో కుళాయి పెట్టించాం. ఆపరేటర్ ఉద్యోగం కాలనీ అమ్మాయికి ఇవ్వాలని కమిటీలో పట్టుబట్టాం. రెండు రాత్రులు గొడవ జరిగింది. ఇద్దరు కమిటీ నుంచి లేచిపోయారు, వాళ్ళలో ఒకరు తర్వాత తిరిగి వచ్చారు. ఇప్పుడు ఆ అమ్మాయి చేతుల మీదుగానే ఊరంతా నీళ్ళు తాగుతోంది.

అందుకే జాగా ఎంచుకునేటప్పుడు అన్ని వాడలవాళ్ళూ ఇబ్బంది లేకుండా వచ్చే చోటు చూడండి. కమిటీలో ప్రతి వాడ నుంచి మనిషి ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఉత్త పేర్లు కాదు, వాళ్ళు మాట్లాడగలిగే వేళకు మీటింగ్ పెట్టాలి. రాత్రి ఎనిమిదింటికి గద్దె మీద పెడితే ఆడవాళ్ళు రారు. మీ ఎనిమిది మందిలో ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని వాడలవాళ్ళు ఉన్నారో మీరు రాయలేదు. ఈ రాత్రికి ఒకసారి చూసుకోండి.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇదీ గుర్తు చేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళకు ఏ రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కలిసి కూర్చునే అలవాటు మాత్రం ఉంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం రెండేళ్ళకే సడలిపోయింది, నిజమే. కానీ కలిసి కూర్చునే అలవాటుకు ఉన్న బలం ఏమిటో అక్కడ తేలింది. మీ ఊళ్ళో మహిళా సంఘాలు, అవన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ఇప్పటికే ఉండి ఉంటాయి. నెలనెలా పొదుపు, అప్పు, తీర్మానాల పుస్తకం, ఇవన్నీ వాళ్ళకు చేతనైన పని. మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది వాళ్ళు ఏళ్ళుగా చేస్తున్నారు. మొదట వెళ్ళి కలవాల్సింది సర్పంచ్‌నో, దాతనో కాదు, వాళ్ళను.

లెక్కల విషయంలో రాజీ పడకండి. బ్యాంకు ఖాతా కమిటీ పేరు మీద, కనీసం ఇద్దరి సంతకాలతో ఉండాలి. వసూలైన ప్రతి రూపాయికీ రసీదు. నెల మొదటి ఆదివారం జమా ఖర్చులు గట్టిగా చదవడం, ఆ కాగితమే ప్లాంటు గోడకు అంటించడం. చదువు రానివాళ్ళు ఉంటారు కాబట్టి అంటించి ఊరుకోకూడదు, చదవాలి. మిత్రుల మధ్య లెక్కలెందుకు అనుకుంటే ఆ స్నేహమే పోతుంది. నేను చూసిన యువజన సంఘాల్లో ఎక్కువ చీలింది దొంగతనం వల్ల కాదు, రాయని లెక్కల మీద వచ్చిన అనుమానం వల్ల.

సర్పంచ్ గురించి. ఆయన మీ వర్గం కాకపోవచ్చు, కానీ పంచాయతీ మీదే. జాగా, బోరు, కరెంటు కనెక్షన్, మూడింటికీ పంచాయతీ కావాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. చెక్కుల మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకమూ ఉండాలి. అంటే తలుపు ఒక్కటే కాదు. మహిళా సంఘాలను కలిశాక ఆయన ఇంటికి వెళ్ళండి, ఇద్దరే వెళ్ళండి, ఎనిమిది మంది వెళితే దండెత్తినట్టు ఉంటుంది. "ఎలా చేస్తే బాగుంటుందో చెప్పండి" అని అడగండి. ప్రారంభోత్సవం ఆయన చేతుల మీదుగానే జరగనివ్వండి, పేరు రాయించుకోనివ్వండి. కానీ తాళం చెవి, క్యాష్ బుక్కు కమిటీ దగ్గరే ఉండాలి. ఈ రెండింటి మీద మాత్రం తీర్మానం రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుడు రేపు సర్పంచ్ మారినా ప్లాంటు చేతులు మారదు. అయినా అడ్డుపడితే గ్రామసభలో వాటా కట్టిన రెండు వందల గడపల రసీదులు చూపించండి. అంతమంది వాటా కట్టిన పనిని కాదనే సర్పంచ్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఎన్నికలకు ఆరు నెలల ముందు మాత్రం కొత్త పని ఎత్తుకోకండి. మీలో ఎవరికైనా పోటీ చేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే మిగతావాళ్ళకు చెప్పి కమిటీ పదవి వదులుకోవాలి. తర్వాత తెలిస్తే ఊరు మిమ్మల్ని ఎవరినీ నమ్మదు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్, నిధులు. చేయించుకోవడం కష్టం కాదు. సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులు, నియమావళి, చిరునామా ఆధారం ఉంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అయిపోతుంది. కష్టమంతా ఆ తర్వాత: ఏటా సభ్యుల జాబితా ఇవ్వాలి, ఆడిట్ చేయించాలి, ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. పని లేకుండా ఈ కాగితాలు మోస్తూ రెండో ఏటికే అలసిపోయిన సంస్థలు జిల్లాకు వందల్లో ఉంటాయి.

రిజిస్టర్ చేయగానే డబ్బు వస్తుందన్న నమ్మకం కూడా వదిలేయండి. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి, అదే సీఎస్సార్. ఆ డబ్బు బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు కనీసం మూడేళ్ళ పని చరిత్ర, సీఎస్సార్-1 అనే ఫారంతో కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు ఉండాలి. "అయితే ఇవాళే రిజిస్టర్ చేస్తే మూడేళ్ళు కలిసొస్తాయి కదా" అని మీరు అనవచ్చు. తేదీ కలిసొస్తుంది, చరిత్ర కలిసి రాదు. కంపెనీవాళ్ళు అడిగేది ఆడిట్ అయిన లెక్కలు, చేసిన పని. మీ కమిటీ ఏడాది బాగా నడిచిందంటే అప్పుడు రిజిస్టర్ చేయండి, ఆ ఏడాది రసీదులే మీ మొదటి పెట్టుబడి. ఈలోగా ప్లాంటుకు సీఎస్సార్ కావాలంటే ఇప్పటికే అర్హత ఉన్న సంస్థను పిలిచి, వాళ్ళు మిషన్లు పెట్టేలా, ఊరు షెడ్డు కట్టేలా ఒప్పందం చేసుకోవచ్చు. చాలా ఊళ్ళు అలాగే చేశాయి.

అమెరికా మిత్రుడి డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. అది రావాలంటే సంస్థకు మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే ఆ ఖాతా తెరవాలి. లేదంటే ఆ ఒక్క పనికి ముందస్తు అనుమతి అడగాలి. అక్కడి స్నేహితుల దగ్గర చందాలు పోగేసి తన పేరు మీద పంపడం అసలు చేయకూడదు, ఆయన భారత పౌరుడైనా సరే. తెలియక చేసినా ఇక్కడ సంతకం పెట్టినవాళ్ళు ఇరుక్కుంటారు. ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు కనుక్కోండి.

ప్లాంటు నడిపేది ఊరి సభ్యులే అయితే సొసైటీ కంటే సహకార సంఘం నయమా అని కూడా ఆలోచించండి. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం మీకు దగ్గరే. అదే ఊళ్ళో ఆడవాళ్ళు 2002లో పెట్టుకున్న స్వకృషి డెయిరీ 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద పుట్టింది. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే యజమానులుగా నడిచే పద్ధతి అది. చందాలు తీసుకుని సేవ చేయడానికి సొసైటీ సరిపోతుంది. సభ్యులు డబ్బు పెట్టి తమ వ్యాపారం తామే నడుపుకోవడానికి సహకార సంఘం బాగుంటుంది.

బడి గురించి ఇప్పుడే ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం: సమాంతరంగా ట్యూషన్ సెంటరో, మీ సొంత బడో పెట్టకండి. శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. పిల్లలను శిబిరాల్లో తయారు చేసి ప్రభుత్వ బడిలోనే చేర్పించారు, ఆ బడి బాగుపడేలా ఊరిని కూడగట్టారు. మీరూ మీ ఊరి బడి టీచర్లను అడగండి, ఏ ఇంటి పిల్లలు పత్తి ఏరే రోజుల్లో రావడం లేదని. ఆ జాబితాతో మొదలుపెట్టవచ్చు.

ఈ వారంలో చేయాల్సింది రెండే పనులు: రెండు సీసాల నీళ్ళు ల్యాబుకు పంపడం, గ్రామ సమాఖ్య మీటింగ్ ఎప్పుడో కనుక్కుని వెళ్ళి కూర్చోవడం. అక్కడ మీరు మాట్లాడకండి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. ల్యాబు రిపోర్టు వచ్చాక ఫ్లోరైడ్, టీడీఎస్, నైట్రేట్ అంకెలు ఇక్కడే పెట్టండి. చూసి ప్లాంటా, ట్యాంకు కడగడమా అన్నది చెబుతాను. గడపల జాబితా, రసీదు బుక్కు నమూనా కావాలంటే అడగండి, మేము వాడేది పంపిస్తాను.